భూమి ఊదిన నీరు

బడి పిల్లలు చేసే ప్రయోగాల్లో సున్నపు తేట ప్రయోగమంత సులువైనది ఇంకోటి లేదు. కాస్త సున్నం నీళ్ళలో కలిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మెల్లగా వంచుకుంటే అదే సున్నపు తేట. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడంలో చదువుకునే పిల్లలు దాన్ని ‘సుణ్ణద తిళినీరు’ అని నేర్చుకుంటారు. అందులో గొట్టం పెట్టి ఊదితే నిమిషంలో నీరు పాలలా మారుతుంది. ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉందని తేలిందని రాసుకుని నోటుపుస్తకం మూస్తారు. నా ఉద్దేశంలో ఆ పుస్తకం సగంలోనే మూతపడుతోంది. ఆ ప్రయోగం రెండో సగం ఈ మూడు తాలూకాల నేల కింద రాత్రింబగళ్ళు నడుస్తోంది. అది అర్థమైతే ఏ నీటిని మంచి నీరు అనాలో, దేన్ని అనుమానించాలో అన్న మన పాత లెక్క చాలావరకు తలకిందులవుతుంది.

ముందు మొదటి సగం చూద్దాం. లీటరు నీటిలో కరిగే సున్నం సుమారు 1.7 గ్రాములే, ఎంత పోసినా మిగిలింది అడుగుకు దిగుతుంది. అలా కరిగిన కాల్షియం హైడ్రాక్సైడ్‌కు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, తగిలితే కాల్షియం కార్బొనేట్ తయారవుతుంది. సుద్దముక్క, పాలరాయి, కోడిగుడ్డు పెంకు అన్నీ ఆ పదార్థమే. మామూలు శుద్ధమైన లీటరు నీటిలో అది పదిహేను మిల్లీగ్రాములకు మించి కరగదు కాబట్టి సన్నటి నలుసులై తేలుతుంది, మన కంటికి తెల్లదనమై కనిపిస్తుంది. మనం పీల్చే గాలిలో ఈ వాయువు 0.04 శాతం, వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం. అందుకే ఊదగానే తెల్లబడే తేట, మూత లేకుండా గిన్నెలో వదిలేస్తే మీద మీగడలాంటి పొర కట్టడానికి గంటలు తీసుకుంటుంది. 1750లలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు ఈ తేటనే సాధనంగా చేసుకుని, సుద్దలో చిక్కుకుని ఉన్న గాలి, మనిషి ఊపిరిలోని గాలి, కాలుతున్న బొగ్గు నుంచి వచ్చే గాలి ఒకటేనని చూపించాడు. మామూలు గాలి కాక వేరే వాయువులు కూడా ఉంటాయన్న తెలివిడి రసాయన శాస్త్రంలో అక్కడ బలపడింది.

ఇక రెండో సగం. తెల్లబడిన తర్వాత కూడా ఊదుతూ పోతే నీరు మళ్ళీ తేరుకుంటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. వాయువు ఎక్కువైన నీరు కొద్దిగా పుల్లబడి, కరగని కార్బొనేట్‌ను కరిగే బైకార్బొనేట్‌గా మార్చుతుంది. అయితే చిక్కటి సున్నపు తేటలో నోటితో ఎంతసేపు ఊదినా నీరు పూర్తిగా తేరుకోదు. ప్రయత్నించిన పిల్లలు పుస్తకం అబద్ధం చెప్పిందనుకుంటారు. పుస్తకం అబద్ధం చెప్పలేదు, కొలత చెప్పడం మరిచింది. చిక్కటి తేట లీటరులో రెండు గ్రాములకు పైగా సుద్ద పుడుతుంది. మన ఊపిరి బలంతో లీటరు నీరు మోయగలిగింది సుమారు 0.3 గ్రాములు. అందుకని తేటను వాన నీటితో పది పన్నెండు రెట్లు పల్చన చేసి, ఓపిగ్గా ఊదాలి. మొదట సన్నటి మసక కమ్ముతుంది, తర్వాత మెల్లగా విడిపోతుంది. అలా తేరిన గ్లాసులో సుద్ద లేకుండా పోలేదు, కనబడకుండా ఉంది. ఇప్పుడు ఆ నీటిని వేడి చేస్తే వాయువు తప్పించుకుని తెల్లదనం తిరిగి వస్తుంది. తేట, పాలు, మళ్ళీ తేట, మళ్ళీ పాలు: ఈ నాలుగు దశలూ గుర్తుంచుకుంటే చాలు, ఈ ప్రాంతపు నీటి కథ మొత్తం చేతికి వచ్చినట్టే.

నంది కొండ చుట్టుపక్కల వాన పడినప్పుడు నీటిలో బొగ్గుపులుసు వాయువు చాలా తక్కువ. నేలలోకి ఇంకగానే సంగతి మారుతుంది. చెట్ల వేళ్ళు ఊపిరి వదులుతాయి, కుళ్ళే ఆకునూ పేడనూ తినే సూక్ష్మజీవులు ఊపిరి వదులుతాయి. మట్టి రేణువుల మధ్య ఉండే గాలిలో ఈ వాయువు పైగాలి కంటే పది రెట్లు, కొన్నిచోట్ల నూరు రెట్లు దాకా ఉంటుంది. మనం గొట్టంతో చేసిన పనినే నేల తన ఊపిరితో చేస్తోంది. ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి: కడప, కర్నూలులో లాగా ఇక్కడ సున్నపురాతి పొరలు లేవు, ఉన్నదంతా గ్రానైటూ నైసు బండలూ, మరి సున్నం ఎక్కడిది? ఆ బండల్లోనే ఉంది. గ్రానైటులో తెల్లగా కనిపించే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో కాల్షియం, సోడియం బిగిసి ఉంటాయి. నేల ఊపిరితో పుల్లబడిన నీరు వేల ఏళ్ళుగా ఆ బిగువు విప్పుతోంది. బండ జిగటమన్నుగా మారుతుంది, కాల్షియం, సోడియం బైకార్బొనేట్లై నీటితో పోతాయి. 250 కోట్ల ఏళ్ళు దాటిన రాయి కరిగి బోరు నీటిలోకి వస్తోందంటే మొదట నమ్మబుద్ధి కాదు. రుజువు మాత్రం వంటింట్లోనే దొరుకుతుంది.

పట్టు పురుగులు పెంచే ఇళ్ళలో సున్నానికి కొదవ ఉండదు; పురుగులు జ్వరానికి వెళ్ళినప్పుడు, అంటే పొర విడిచేటప్పుడు, పడక ఆరడానికి సున్నపు పొడి చల్లుతారు. అలాంటి తాజా సున్నంతో తీసిన తేటను రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లోకి మిద్దె మీద పట్టిన వాన నీరు, రెండోదాంట్లోకి బోరు నీరు నెమ్మదిగా వంచండి. వాన నీటి గ్లాసు దాదాపు అలాగే ఉంటుంది. బోరు నీరు పడిన గ్లాసులో నీరు తేటను తాకిన చోట తెల్లటి పొగపోగులు సుడి తిరుగుతూ దిగుతాయి, క్షణాల్లో గ్లాసంతా మసకబారుతుంది. ఎవరూ ఊదలేదు. ఊపిరి ఆ నీటిలో ముందే ఉంది. నేల ఊది పంపింది. కాస్త తెల్లదనం మెగ్నీషియం వల్లా రావచ్చు, కానీ ఎక్కువ భాగం నీటిలోని బైకార్బొనేట్లు సున్నంతో కలిసి సుద్దగా మారడమే. 1841లో స్కాట్లండ్‌కు చెందిన థామస్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త కఠిన జలాన్ని మెత్తబరచడానికి ఇదే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సున్నంతో సున్నాన్ని తీసేయడం వినడానికి వింతగా ఉన్నా లెక్కకు సరిగ్గా నిలుస్తుంది.

ఇదే నీరు పొయ్యి మీద మరిగితే నాలుగో దశ మొదలవుతుంది. స్నానాల అండా లోపల పెచ్చు పెచ్చుగా కట్టే తెల్లటి పొర, గీజరు కడ్డీ మీద కట్టే చిప్ప, డ్రిప్పు గొట్టాల రంధ్రాలు పూడ్చే పొడి, అన్నీ అదే సుద్ద. ఆ పెచ్చు మీద నిమ్మరసం రెండు చుక్కలు పిండితే చుర్రుమని బుడగలు లేస్తాయి. సున్నపురాయి లేని ఈ గ్రానైటు నేలలో ఆ బుడగల్లోని వాయువు చాలావరకు ఎప్పుడో ఏ చింతచెట్టు వేరో, ఏ గడ్డిదుబ్బో విడిచిన ఊపిరే. పొయ్యి అవసరం లేకుండా ఎండ కూడా ఈ పని చేస్తుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ మెట్ట నేలలో ఇంకిన తేమ వేసవికి పైకి లాగబడి ఆవిరవుతుంది, మోసుకొచ్చిన సుద్దను మట్టిలోనే వదిలేస్తుంది. దున్నేటప్పుడు తగిలే తెల్లటి సున్నపు గడ్డలు అలా పుట్టినవే. అసలు విషయం ఈ గడ్డల దగ్గరే మలుపు తిరుగుతుంది.

పల్లెల్లో నీటికి పరీక్షలు ఉన్నాయి, అవి తరాలుగా పనికొచ్చినవి. పప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడకకపోతే ఉప్పునీళ్ళు. సబ్బు నురగ వస్తే మంచివి, ముద్దకడితే చెడ్డవి. అండాలో తెల్లపొర కట్టే నీటిని తాగితే కీళ్ళ నొప్పులు వస్తాయని, పళ్ళు గారపడతాయని కూడా చాలామంది నమ్ముతారు. ఈ పరీక్షలన్నీ కొలిచేది ఒక్కదాన్నే: నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను. కీళ్ళనూ పళ్ళనూ నిజంగా పాడుచేసేది ఫ్లోరైడ్. దానికి రుచి లేదు, వాసన లేదు, పొర కట్టే గుణం అంతకన్నా లేదు. అంతటితో ఆగితే ఈ పరీక్షలు ఫ్లోరైడ్‌కు చాలవని మాత్రమే అనొచ్చు. రసాయనం ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది: చాలాచోట్ల ఇవి దాన్ని తారుమారుగా చూపిస్తాయి.

ఎలాగంటే, కాల్షియంకూ ఫ్లోరైడ్‌కూ నీటిలో పొత్తు కుదరదు. రెండూ ఎక్కువైతే కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అనే గట్టి ఖనిజంగా అడుగుకు దిగిపోతాయి. కాబట్టి కాల్షియం నిండుగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరగడానికి ఒక హద్దు ఉంటుంది. కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఆ హద్దు రెట్టింపవుతుంది. పదహారో వంతుకు పడితే నాలుగింతలు. ఇప్పుడు సున్నపు గడ్డలను తలుచుకోండి. నీటిలోని కాల్షియం సుద్దగా మట్టిలో దిగబడిపోయిన కొద్దీ, మిగిలిన నీటిలో సోడియం బైకార్బొనేట్ పాలు పెరుగుతుంది. అది కొంచెం క్షార గుణం ఉన్న నీరు, వంటసోడా కలిపినట్టు. అలాంటి నీరు బండల్లోని నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను ఇంకా సులువుగా లాగుతుంది, కాల్షియం లేనందువల్ల దాన్ని పట్టి దించేదీ ఉండదు. ఆ నీటిలో పప్పు చక్కగా ఉడుకుతుంది, సబ్బు నురగలు కక్కుతుంది, అండాలో పొర పల్చగా కడుతుంది. పల్లె లెక్కలో అది మంచినీళ్ళు. పిల్లల పళ్ళ లెక్క వేరు. ఎనిమిదేళ్ళ లోపు, చిగురు కింద శాశ్వత దంతాల పింగాణీ తయారవుతున్న కాలంలో, ఆ నీరు తాగిన పిల్లలకు గోధుమరంగు చారల గారపళ్ళు వస్తాయి. తోమితే పోయే గార కాదది, దంతంలో అల్లుకుపోయిన మచ్చ.

ఇది ఊహ మీద కట్టిన మాట కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును, మొదట గుర్తించింది తెలుగు నేలలోనే. 1937లో నెల్లూరు జిల్లా గురించి వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం దాన్ని లోకానికి తెలిపింది. ఆ తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైపోయింది. ఈ ప్రాంతాలన్నిటిలో కింద ఉన్నది ఇలాంటి పాత గట్టి బండలే, పైన పడేది తక్కువ వానే. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి వైపు, తాగునీటి హద్దు దాటిన ఫ్లోరైడ్ మళ్ళీ మళ్ళీ నమోదైంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. అవే ప్రమాణాలు, వేరే దారి లేకపోతే, కాఠిన్యానికి 600 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటాయి. మనకు కనిపించి భయపెట్టే పొర విషయంలో అంత ఉదారంగా, కనిపించని దాని విషయంలో ఇంత గట్టిగా ఉండడానికి కారణం లేకపోలేదు.

దీనికి ఎదురుమాటలు కొన్ని వినిపిస్తాయి. కాచి తాగితే సరిపోదా? సరిపోదు, కాచితే బయటికి పోయేది వాయువు, అడుగుకు దిగేది సుద్ద, ఫ్లోరైడ్ అక్కడే ఉండి, ఆవిరైన నీటి మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది. లోతుగా బోరు వేస్తే స్వచ్ఛమైన నీరు పడదా? పైనుంచి వచ్చే మురికి విషయంలో అది నిజం కావచ్చు. వెయ్యి అడుగులు దాటిన బోరులో దొరికేది బండతో ఎక్కువ కాలం కాపురం చేసిన నీరు. ఎంత ఎక్కువ కాలం ఉంటే ఖనిజాలను అంతగా అరగదీసి ఉంటుంది. వెనకటి దిగుడుబావిలో నీరు ఎక్కువగా ఆ ఏడాదో నిరుడో పడిన వాన. లోతుకు పోయిన కొద్దీ మనం పాత వానను తోడుతున్నాం. అయితే సున్నం కలిపేద్దాం, కాల్షియం పెరిగి ఫ్లోరైడ్ దిగుతుంది కదా అనే మాట అన్నిటికంటే తెలివైనది, నాకు ఇష్టమైనది కూడా. కానీ పోసిన సున్నాన్ని ముందుగా నీటిలోని బైకార్బొనేట్లే పట్టుకుని సుద్ద చేసేస్తాయి, ఇందాక రెండో గ్లాసులో చూసినట్టు. అవన్నీ తీరి, ఫ్లోరైడ్‌కు సరిపడా కాల్షియం మిగలాలంటే నోరు కాలేంత సున్నం పోయాలి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో దీనికో దారి కనిపెట్టారు. సున్నంతో పాటు పటిక కలిపి కలియబెట్టి తేర్చితే, పటిక నుంచి పుట్టే మెత్తటి అల్యూమినియం మడ్డి ఫ్లోరైడ్‌ను తనతో అడుగుకు లాక్కుపోతుంది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అనే పిలుస్తుంది. నీటి క్షారతను కొలిచి పటిక పాలు నిర్ణయించాలి, అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారేయాలి. అందుకే అది కొలిచే మనిషి ఉన్నచోటే నిలిచింది. మూత తీసి వదిలేసిన పాత సున్నం గాలి తగిలి సుద్దగా మారి ఉంటుంది కాబట్టి ఈ పనికి పనికిరాదు, పురుగుల పడకకు పనికిరానట్టే.

ఇప్పుడు ఊరూరా నాణెం వేస్తే క్యాను నిండే శుద్ధ నీటి కేంద్రాలు వచ్చాయి. అవి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తాయి, ఆ మేరకు మేలే. అయితే అవి కాల్షియంను కూడా తీసేస్తాయి, వడగట్టిన ఫ్లోరైడ్‌ను పారబోసే నీటిలో చిక్కబరిచి కాలువలోకి వదులుతాయి. ఆ కాలువ మళ్ళీ ఎవరి బావిలోకి ఇంకుతుందో చూడాలి. కాల్షియం లోపించిన ఒంటికి ఫ్లోరైడ్ చేసే చెరుపు ఎక్కువ. ఈ ప్రాంతపు రాగి ముద్దను అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, బియ్యంలో అందులో చిన్న వంతే ఉంటుంది. రాగి ముద్ద ఫ్లోరైడ్‌కు విరుగుడని నేననను. బడి వయసు పిల్లల పళ్ళెం నుంచి దాన్ని తీసేయడం మాత్రం, ఇలాంటి నీరున్న చోట, రెండువైపులా నష్టం.

మరి ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉందా? కొంత ఉంది. బోరు నీటిలో సున్నపు తేట పోసి తెల్లదనం చూడండి. అదే నీటిని గిన్నెలో సగానికి మరిగించి అడుగు చూడండి. రెంటిలోనూ తెలుపు బాగా వస్తే నీటిలో కాల్షియం బైకార్బొనేట్ ఉంది. తేటతో బాగా తెల్లబడి, మరిగిస్తే పొర కట్టకపోతే, లేక కట్టిన కాస్త తెల్లపొడీ మామూలు నీళ్ళతో కడిగితే కరిగి పోతే, అది సోడియం వైపు మొగ్గిన నీరు. అలాంటి బోరును ముందుగా పరీక్షకు పంపాలి. ఇది ఫ్లోరైడ్ పరీక్ష కాదు, ఏ బోరును ముందు అనుమానించాలో చెప్పే గుర్తు మాత్రమే. తెల్లపొర దట్టంగా కట్టే నీటిలో ఫ్లోరైడ్ ఉండదని కూడా దీని అర్థం కాదు.

కర్ణాటకలో ‘మనె మనెగె గంగె’ పేరుతో నడుస్తున్న జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకు పరీక్ష పెట్టె వాడటం నేర్పాలని నియమం ఉంది. ఆ పెట్టెలోని ఎర్రటి రంగుమందు ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ పసుపు వైపు జారుతుంది, నిమిషాల పని. హెబ్బాళ–నాగవార లోయ పథకంతో బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు చిక్కబళ్ళాపురం చెరువుల్లోకి వస్తున్నప్పటి నుంచి ఈ కొలత ఇంకా ముఖ్యమైంది. చెరువు నిండితే బోర్లలో నీరు పైకి వస్తుంది, కొత్త నీరు పాత ఫ్లోరైడ్‌ను పల్చబరచవచ్చు. కానీ ఆ నీరు వాన కాదు, తనతో తెచ్చే ఉప్పులు వేరు. ఆ మురుగునీటికి మూడో దశ శుద్ధి కోసం ఇక్కడి జనం చేస్తున్న డిమాండు న్యాయమైనదని నేననుకుంటాను. చెరువు నిండింది కనుక నీరు బాగుపడిందని అనుకోవడం, పప్పు ఉడికింది కనుక నీరు మంచిదనడం లాంటిదే అవుతుంది. ఒక్కసారి పరీక్షిస్తే చాలదు. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి, అదే బోరు నుంచి పట్టాలి. బోరును కొద్దిసేపు ఆడించి, గొట్టంలో నిలిచిన నీరు పోయాక పట్టాలి. సీసా గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజును అంటుకుంటుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో మూతదాకా నింపి, మీద బోరు లోతు, తేదీ రాయాలి.